నలుసు మహబూబ్‌బీ కంట్లో కండ

ప్రొద్దుటూరులో ఎవరి కంట్లో ఏం పడినా అది మహబూబ్‌బీ నాలుక మీదికి రావాల్సిందే. దూది మిల్లులో పనిచేసేవాళ్ల కంట్లో పీచు, బండి తోలేవాళ్ల కంట్లో దుమ్ము, కొత్త పెళ్లికూతురి కంట్లో కాటుక పలుకు, ఆమెకు అన్నీ ఒకటే. ఉప్పునీళ్లు గరగరమని మూడుసార్లు పుక్కిలించి ఉమ్మేది. ఎడమచేత్తో రెప్ప ఎత్తిపట్టి, నాలుక కొసతో గుడ్డు మీద ఒక్క తిప్పు తిప్పేది. అంతే, నలుసు నాలుక మీద ఉండేది. పోలీసు జవాను కూడా టోపీ తీసి ఆమె ముక్కాలిపీట మీద బుద్ధిగా కూర్చోవాల్సిందే. ప్రతిఫలం రెండు తమలపాకులు, ఒక వక్క. అంతకు మించి పుచ్చుకుంటే నాలుక పనిచేయదని ఆమె అత్త చెప్పిపోయింది. ఆ అత్త ఇంకా చాలా చెప్పిపోయింది, అన్నీ నిజం కావు.

నలుసులతో ఆగి ఉంటే ఏ గొడవా లేకపోయేది. కండ పెరిగినవాళ్లు కూడా వచ్చేవాళ్లు. ఎండలో, దుమ్ములో బతికే సీమ కదా, వీధికి ఇద్దరికైనా ముక్కు వైపు తెల్లగుడ్డు మీద ఎర్రటి కండ పుట్టి, ఈగ రెక్క మాదిరి నల్లగుడ్డు మీదికి పాకుతూ ఉంటుంది. వాళ్లను మహబూబ్‌బీ మూడు శుక్రవారాలు రమ్మనేది. వాళ్లు వచ్చే ముందు, చల్లారిన గంజి మీద కట్టిన మీగడ చిన్న ముక్క తుంచి దవడలో దాచుకునేది. నాలుక తిప్పిన తరవాత ఆ తెల్లటి పొరను అరచేతిలోకి ఊసి, ఇదో ఇంత వచ్చింది అని చూపించేది. ఇదీ అత్త నేర్పిన విద్యే. రోగికి ఏదో ఒకటి కనపడాలి, కనపడకపోతే గుణం కుదరదు అనేది ఆ మహాతల్లి.

మహబూబ్‌బీ దాన్ని మోసం అనుకోలేదు. మూడో శుక్రవారం దాటినాక అందరూ పోయిందనే చెప్పేవాళ్లు మరి. వాళ్ల కళ్ల సంగతి వాళ్లే చెప్తుంటే కాదనడానికి తనెవరు? ఇంకొంచెం తేరిపార చూసి ఉంటే సగం కండ అక్కడే కనపడేది. చూడబుద్ధి కాని చోట ఎవరి చూపైనా మందమే.

కర్నూలు నుంచి రాజధాని హైదరాబాదుకు పోయిన మరుసటి ఏడు, ఆమె కుడికంట్లోనే కండ మొదలైంది. మొగుడు లాల్ బాషా గిన్నెలకు కళాయి పోసేవాడు. ముప్పై అయిదేళ్లుగా ఆ కొలిమి పొగా, కళాయికి చల్లే నవసారం పొగా, పొయ్యి పొగా అన్నీ తన కళ్లలోకే పోతున్నాయి. మొదట ఏదో పలుకు ఇరుక్కుంది అనుకుంది. తీసుకుందామంటే ఊరందరి కళ్లకూ అందిన నాలుక తన కంటికి అందలేదు. గతిలేక మొగుణ్ని తీయమంది. ఆయన నోట్లో పొగాకు ఉన్న సంగతి ఇద్దరూ మరిచిపోయారు. ఆ పూటంతా మహబూబ్‌బీ నీళ్ల కుండలో తల పెట్టుకుని ఆయన వంశాన్ని పేరుపేరునా తలుచుకుంది. అన్నేళ్ల కాపురంలో ఆయన ఆమెకు చేసిన వైద్యం అదొక్కటే.

కండ ఆగలేదు. నల్లగుడ్డు ఎక్కింది, పాప అంచుకు వచ్చింది. ఎండలోకి పోతే కంటినిండా నీళ్లు, దూది పీచు ఒకటి ఉంటే రెండుగా కనపడటం. ఒకరోజు ఒక మగ్గం మనిషి కంట్లో నాలుక తిప్పి నలుసు వచ్చిందంది. అతను వీధి మలుపు దాకా పోయి, కన్ను నలుపుకుంటూ తిరిగొచ్చాడు. ఆమె జన్మలో అలా ఎప్పుడూ జరగలేదు.

చూపు పోతే నలుసు కనపడదు, పని పోతుంది. చూపు ఉన్నా, నలుసు తీసే ఆమె కంట్లోనే కండ అని ఊరికి తెలిస్తే ముక్కాలిపీట మీద ఎవరూ కూర్చోరు. పైట కుడికంటి మీదికి లాక్కుని, కళ్లకలక అని చెప్తూ వచ్చింది. కళ్లకలక వారం ఉంటుంది, పది రోజులు ఉంటుంది. రెండు నెలలు ఉన్న కళ్లకలకను ప్రొద్దుటూరు చరిత్రలో ఎవరూ చూడలేదు.

ఆఖరికి జమ్మలమడుగులో కంటికి కోత కోస్తారని విని బయలుదేరింది. పోయేది ఆసుపత్రికని తెలిస్తే ఇంకేమైనా ఉందా? పులివెందులలో చెల్లెలు జానీబీ కోడలికి కాన్పు అని వీధంతా చెప్పింది. అందరూ చూస్తుండగా పులివెందుల బస్సు ఎక్కింది. ముద్దనూరులో దిగి, ముసుగు ముక్కుదాకా లాక్కుని, జమ్మలమడుగు బస్సు పట్టుకుంది. ఆసుపత్రిలో పేరు సైదున్నీసా అని, ఊరు చక్రాయపేట అని రాయించింది.

డాక్టరు జయకర్ టార్చిలైటు వేసి చూశాడు. ఇది శుక్లం కాదు, పుండు కాదు, ప్రాణం తీసే గడ్డ అసలే కాదు అని చెప్పాడు. తెల్లగుడ్డు మీది పొరే ఎండకూ దుమ్ముకూ పొగకూ ఏళ్ల తరబడి ఒరుసుకుని ఇలా పెరుగుతుందట. చిన్నదైతే కోయాల్సిన పని కూడా లేదు, ఎండకు నీడ పట్టుకుని, కనిపెట్టుకుని ఉంటే చాలు. ఆమెది పాప అంచుకు వచ్చింది కాబట్టి కోయాలి అన్నాడు. మహబూబ్‌బీ ఊరుకోలేదు. మా పక్క నాలుకతో తీస్తారంట, వస్తుందా అని అడిగింది.

డాక్టరు నవ్వాడు. "గోడలో మొలిచిన రావిమొక్కను నాకితే ఊడుతుందామ్మా? ఇది గుడ్డుకు అతుక్కొని ఉంటుంది."

ఆమెకు ఒళ్లు మండింది. నాకడం అంటాడా? అయినా కన్ను ఆయన చేతిలో ఉంది కాబట్టి నోరు మూసుకుంది. కోసినాక మళ్లీ పెరగదు కదా అని మాత్రం అడిగింది. పెరిగినా పెరగొచ్చు, పెరిగితే మళ్లీ రా అన్నాడు. మహబూబ్‌బీ బిత్తరపోయింది. కుదరకపోవచ్చని ముందే చెప్పి చేసే వైద్యాన్ని ఆమె అంతకుముందు వినలేదు.

మరునాడు పొద్దున్నే అలవాటు కొద్దీ ఉప్పునీళ్లు అడిగి, వార్డు గుమ్మం బయట గరగరమని మూడుసార్లు పుక్కిలించింది. తరవాత కోతకు తీసుకుపోయారు. మందు చుక్కలు వేస్తే కన్ను మొద్దుబారింది. ఏదో లాగుతున్నట్టు, గీకుతున్నట్టు తెలిసింది గానీ నొప్పి లేదు. గుడ్డు కదలకూడదని ఒకరోజు పాటు రెండు కళ్లకూ కట్టు కట్టి, ఆడవాళ్ల వార్డులో పడుకోబెట్టారు. కట్టు తడవకూడదు, కళ్లలో నీళ్లు పెట్టుకోవద్దు అని నర్సు విమల ఒకటికి రెండుసార్లు హెచ్చరించి పోయింది.

మంచాల్లో అందరూ కళ్లకు గుడ్డలు కట్టుకున్నవాళ్లే. చూడటానికి ఏమీ లేదు కాబట్టి నోళ్లకు పని చెప్పారు. పక్కమంచం మీది గొంతు ఎక్కడో విన్నట్టుంది. చాపాడు ఈశ్వరమ్మ. శెనగచేలో పనిచేసే మనిషి, మూడేళ్ల కిందట కండకని తన పీట మీద కూర్చున్న మనిషి. పోయిందక్కా అని నవ్వుతూ చెప్పిపోయిన మనిషి. మహబూబ్‌బీ దుప్పటి ముక్కుదాకా లాక్కుంది.

అవతలి మంచం ఆమె, ఇన్నాళ్లూ ఈ కండకు ఏమీ చేయించలేదా అని ఈశ్వరమ్మను అడిగింది.

"చేయించకేమి? పొద్దుటూర్లో ఒక బూబమ్మ ఉండాది. నలుసు తీయడంలో ఆమెను మించినోళ్లు ల్యారు. కండకు మాత్రం ఆమె కాడ ఏమీ ల్యా. మూడు శుక్రారాలు పోతి. పోయినప్పుడల్లా నా కంట్లోంచి గంజి మీగడ తీస్తాండె. దినామూ గంజి తాగేదాన్ని, ఆ వాసన నాకు తెలియదా?"

వార్డంతా విరగబడి నవ్వింది. మా మరిదికీ గంజే వచ్చిందని మూలనుంచి ఒకామె. మా అత్తకు వచ్చినదాంట్లో మెతుకు కూడా ఉండిందని ఇంకొకామె. కోతలు కోయించుకున్న మనుషులు అంతగా నవ్వకూడదని విమల లోపలికి వచ్చి కసిరింది, కసురుతూ తనూ నవ్వింది.

మరి ఆ బూబమ్మను అక్కడే నిలదీయకపోయినావా అని అవతలి ఆమె అడిగింది.

"యాడ నిలదీసేది? దుడ్లు తీసుకునే మనిషైతే తిట్టిపోద్దును. రెండాకులు తీసుకోని, నా గడ్డం పట్టుకోని, పోయిందా మ్మే, పోయిందా అని అడుగుతాండె. ఆ మొగం చూసి పోయిందక్కా అంటి. అందురూ అట్లనే అంటారంట."

అందరూ అట్లనే అంటారంట. ముప్పై ఏళ్ల శుక్రవారాలు మహబూబ్‌బీ గుండెల మీద కూర్చున్నాయి. తాను వాళ్లకు గంజి మీగడ చూపించింది, వాళ్లు తనకు పోయిందనే మాట చూపించారు. తాను మోసం చేశాననే సిగ్గుకంటే, వాళ్లు తనను చూసి జాలిపడ్డారనే సిగ్గు ఎక్కువగా కాల్చింది. కళ్లలో నీళ్లు తిరగబోయాయి. కట్టు తడవకూడదు. ఏడవడానికి కూడా వీల్లేని చోట పడ్డానే అనుకుంటూ పళ్లు బిగబట్టింది.

మరునాడు విమల వచ్చి మంచి కళ్ల మీది కట్లు విప్పుతూ పోయింది. సైదున్నీసా, సైదున్నీసా అని పిలిస్తే ఎవరినో అనుకుని మహబూబ్‌బీ పలకలేదు. విమల భుజం తట్టి కట్టు విప్పింది. వెలుతురు వచ్చింది. పక్కమంచం మీద ఈశ్వరమ్మ, ఒంటికంటితో నేరుగా తననే చూస్తోంది. ఆ చూపులో ఆశ్చర్యం లేదు.

"నువ్వు గరగరా పుక్కిలించినప్పుడే గుర్తుపడితి అక్కా," అంది మెల్లగా.

మహబూబ్‌బీ గొంతు తగ్గించింది. "తెలిసి కూడా అంతమందిలో అంటివా?"

"మూడేండ్ల నుంచి చెప్పల్లని ఉండె. నీ మొగం చూస్తే మాట రాకపాయ. ఇద్దురికీ కండ్లు కట్టినాక ధైర్యం వచ్చె. పేరు మాత్రం చెప్పల్యా."

మహబూబ్‌బీ విమల తెచ్చిన గంజి గ్లాసు పట్టుకుని కూర్చుంది. మీద మీగడ కట్టింది. ఈశ్వరమ్మ తన గ్లాసు వైపు చూసి, ఆమె గ్లాసు వైపు చూసి, నవ్వు ఆపుకోలేకపోయింది. ఒక నిమిషం ఉగ్గబట్టుకుని మహబూబ్‌బీ కూడా నవ్వేసింది. చాలా నొప్పిగా నవ్వింది.

ఇంటికి చేరినాక వచ్చిన రెండో శుక్రవారం, బడిపంతులు దేవపాలు వచ్చాడు. అతనికి అది మూడో శుక్రవారం. మునుపటి రెండూ ఆమె ఆసుపత్రికి పోకముందే గడిచిపోయాయి. లోపల గంజి చల్లారి ఉంది. అలవాటైన చెయ్యి గిన్నె దాకా పోయి ఆగింది. మహబూబ్‌బీ బయటికి వచ్చింది. కుడికన్ను ఇంకా ఎర్రగానే ఉంది, పైట మాత్రం కప్పుకోలేదు. దేవపాలు ఆ కంటి వైపు చూసి, చప్పున చూపు తిప్పుకుని, పీట మీద కూర్చోకముందే శానా తగ్గిందక్కా అన్నాడు.

ఆమె లోపలికి పోయి లాల్ బాషా గడ్డం గీసుకునే అద్దం తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"నా మొగం చూసి చెప్పాకు. దీంట్లో నీ కన్ను చూసుకోని చెప్పు."

దేవపాలు అద్దంలో చూసుకున్నాడు. ఆమె వైపు చూడబోయాడు, మళ్లీ అద్దంలోకే చూశాడు.

"తగ్గల్యా అక్కా," అన్నాడు. ఏదో తప్పు చేసినవాడి మాదిరి తల దించుకున్నాడు.

ఎన్నో శుక్రవారాలకు ఆ పీట మీద ఒకరు ఆమెతో నిజం చెప్పారు. మహబూబ్‌బీకి అతని తల నిమరాలనిపించింది. రెప్ప ఎత్తి చూసి, నీది ఇంకా చిన్నదే, ఎండలో గొడుగు పట్టుకో, నల్లగుడ్డు మీదికి వస్తే జమ్మలమడుగుకు పో, అక్కడ మళ్లీ పెరగొచ్చని కూడా ముందే చెప్తారు, భయపడొద్దు అని చెప్పింది. మరి ఇన్నాళ్లూ నువ్వు తీసింది ఏందక్కా అని అతను అడగలేదు. అడగకపోయినా ఆమె లోపలికి పోయి గంజి గిన్నె తెచ్చింది. ఉప్పు వేసుకుని, మీగడతో సహా అతని ముందే తాగేసింది.