ముప్పై గంటలు విన్న ఊరు

నేను ఒక రాగి గిన్నెను. నా అడుగున సూదిమొన పట్టేంత బెజ్జం ఉంది. అది లోపం కాదు, నా ఉద్యోగం. గంగాళంలో నీళ్ల మీద వదిలితే ఆ బెజ్జంలోంచి నీళ్లెక్కి, సరిగ్గా ఒక గడియకు, అంటే ఇరవై నాలుగు నిమిషాలకు, మునుగుతాను. మునగగానే గంట కొట్టి, నన్ను ఖాళీ చేసి మళ్లీ వదలాలి. గడియారాలు రాకముందు నందిగుట్ట సంస్థానంలో కాలం ఇలాగే నడిచేది.

నన్ను చేసినవాడు కంచరి బ్రహ్మయ్య. బెజ్జం కుదిరేదాకా మూడు రోజులు నన్ను ముంచి తేల్చాడు. నాకు జోడు గిన్నె ఒకటి కోటలో ఉండేది. నేను కోటకు కోసెడు దూరంలో, చిన్నరాణి ఉండే తోట మహల్లో ఉండేదాన్ని. నన్ను చూసుకునేది ఈరమ్మ. మొగుడు పోయాక అతని పని ఆమెకు వచ్చింది. ఆడదానికి గంట ఏమిటని కొందరు గొణిగారు. ఆమె వాళ్ల మాట వినలేదు. ఆమె గంట మాత్రం వాళ్లంతా విన్నారు.

ముందు పుట్టిన కొడుకుదే గద్దె అని అక్కడి ఆచారం. వేలమందిని ఏలేవాణ్ని ఎంచడానికి మనుషులు పెట్టుకున్న కొలత అది. అందులో తెలివికీ దయకూ చోటు లేదు, నాలాంటి గిన్నెకు ఉంది.

పగలూ రాత్రీ సమానంగా ముప్పయ్యేసి గడియలుండే రోజుల్లో, ఒకే దినాన రాణులిద్దరికీ కొడుకులు పుట్టారు. చిన్నరాణి కొడుకు నా లెక్కన తొమ్మిదో గడియలో, పెద్దరాణి కొడుకు కోట గిన్నె లెక్కన పదకొండో గడియలో.

దివాను జగపతిరావు పెద్దరాణికి మేనమామ. మర్నాడే శుభ్రం చేయిస్తానని నన్ను తెప్పించుకున్నాడు. నన్ను చేసిన బ్రహ్మయ్య చేతనే బెజ్జం చుట్టూ సుత్తితో కొట్టించి ఇరుకు చేయించాడు.

దర్బారులో రాజా తిమ్మభూపాలుడి ఎదుట మా గిన్నెలు రెంటినీ ఒకే గంగాళంలో వదిలారు. కోట గిన్నె ఒకసారి మునిగి, రెండోసారి సగం నిండాక గాని నేను మునగలేదు.

"చూసిన్రా ప్రభూ! తోట గిన్నె మెల్లగ నడుస్తున్నది. చిన్నరాణిగారి బాబు పుట్టింది నిజానికి పదమూడో గడియ దాటినంక" అన్నాడు దివాను.

గుమ్మం దగ్గర నిలబడ్డ ఈరమ్మ ముందుకొచ్చి, నన్ను పైకి తీసి అడుగున సుత్తి దెబ్బలు చూసింది. కొంగు నడుముకు బిగించింది.

"ఆ దినం పొద్దు పొడిసినకాడి నుంచి పొద్దు గూకేదాంక ముప్పై గంటలు కొట్టిన దొరా. గిన్నె గింత మెల్లగుంటే ఇరవై కొట్టేసరికే పొద్దు గూకాలె. నా మాట నమ్మకుంటే ఊరిని అడుగుండ్రి."

ప్రాకారం అవతల నిలబడ్డ జనంలోంచి పాలమ్మే మనిషి ఒకామె అరిచింది: "ముప్పయ్యే! నేను లెక్కపెట్టిన!" వెనకే సాలెవాళ్లు, చాకలివాళ్లు, తోటమాలీలు "ముప్పై, ముప్పై" అన్నారు. గంగాళంలో నీళ్లు అదిరాయి.

రాజు దివాను వైపు తిరిగాడు. పెద్దరాణి పుట్టింటివాళ్ల సైన్యం లేకుండా సరిహద్దు నిలవదని ఆయనకు తెలుసు.

"గిన్నెల ముచ్చట వదిలెయ్యుండ్రి. పెద్దరాణి కడుపున పుట్టినోడే పెద్దకొడుకు" అన్నాడు.

"ఆ మాట ముందుగాలనే అంటే అయిపోవు గద దొరా! నా గిన్నెను సుత్తెతోని ఎందుకు కొట్టిపిచ్చిన్రు?" అంది ఈరమ్మ.

ఆ మాటతో ఆమె కొలువు ఊడింది. చెడిపోయిన గిన్నెనంటూ నన్ను ఆమె కాళ్ల ముందు పారేశారు.

తెల్లారి బ్రహ్మయ్య ఆమె గడపలో కూలబడ్డాడు. "పిల్లలను చెరల ఏస్తమన్నరమ్మా. తప్పయింది."

"నువ్వు ఏడిస్తే బెజ్జం పెద్దగయితదా? పనిముట్లు తియ్యి."

మళ్లీ మూడు రోజులు పట్టింది. నాలుగో రోజు ఈరమ్మ తన ఇంటి చూరుకు పాత నాగటి కర్రు వేలాడదీసి మొదటి గంట కొట్టింది. ఊరు కోట గంట వదిలేసి ఆమె గంటకే పాలు పిండింది, మగ్గం దిగింది, పొయ్యి వెలిగించింది.

దివాను బంటు వచ్చి బంద్ చెయ్యమన్నాడు.

"రాజ్యం అడుగుతలేను. పొద్దెంత అయిందో చెప్తున్న. అది గూడ రాజును అడిగే చెప్పాల్నా?" అందామె, గంట కొట్టే కర్ర దించకుండా. బంటు వెళ్లిపోయాడు. పదిసార్లు వచ్చారు, పదిసార్లూ గంట మోగుతూనే ఉంది.

ఇరవయ్యేళ్లకు పెద్దరాణి కొడుకు పట్టాభిషేకం జరిగింది. ఆ పొద్దున పురోహితుడు దొడ్డిదారిన ఈరమ్మ ఇంటికొచ్చాడు. సుత్తి సంగతి తెలిసినప్పటి నుంచి కోట గిన్నె మీద ఆయనకే నమ్మకం లేదు. "ముహూర్తానికి ఇంకెంత ఉందమ్మా?"

ఈరమ్మ నాలోని నీళ్లు చూసింది. తప్పు చెప్పడానికి ఒక్క మాట చాలు.

"అర గడియ ఉన్నది. జల్ది పో" అంది.

చిన్నరాణి కొడుకైతే బాగా ఏలేవాడని నేను ఒట్టు పెట్టలేను. వాడు ముందు పుట్టాడని మాత్రం ఎవరి ముందైనా చెబుతాను.

గద్దెలు పోయాయి. ఇప్పుడు నేను ఒక మ్యూజియంలో, అద్దాల పెట్టెలో పొడిగా ఉన్నాను. 'నందిగుట్ట రాజుల గడియ గిన్నె' అని కింద పలక పెట్టారు. చదివి వెళ్లే ప్రతి ఒక్కరితోనూ నేను వాదిస్తూనే ఉన్నాను: నేను ఏ రాజుదాన్నీ కాదు, ఈరమ్మ గిన్నెను.