మూత పలక

ఎల్లారెడ్డి బస్సులో కండక్టరు చెక్క ఓడకు కూడా టికెట్టు కొట్టాడు. వడ్రంగి ఘనీ ఎంత బతిమాలినా వినలేదు. కామారెడ్డిలో దిగేసరికి తెరచాప కొయ్య కొస విరిగి ఉంది. ఎండలో చతికిలబడి కొత్త కొస చెక్కి అతికించి, పర్శరాములు ఆఫీసుకు చేరేసరికి మిట్టమధ్యాహ్నమయింది.

పర్శరాములు దుబాయికి మనుషుల్ని పంపే ఏజెంటు. ఆఫీసుకు వచ్చినవాళ్ల కళ్లు చెదిరేలా ఒక ఓడ బొమ్మ కావాలని, అయిదు వందలిస్తానని తనే చేయించాడు. ఆ డబ్బుతో వానలు పడకముందే ఇంటి మీద రేకులు వేయించాలి. తలుపుల పని, నాగళ్ల పని మానుకుని ఘనీ నాలుగు నెలలు టేకు దుంగ ముందు కూర్చుంటే, భార్య కుల్సుం బీడీలు చుట్టి ఇల్లు నడిపింది.

ఓడ చెక్కడం అతనికి ఎవరూ నేర్పలేదు. డెబ్బై అయిదులో బొంబాయి నుంచి దొంగచాటుగా లాంచీలో దుబాయి పోయాడు. తొమ్మిది రోజులు సముద్రంలో ఉన్నా కళ్లారా చూసింది తక్కువే. అడుగు అరలో పడుకుని చెక్కకు చెవి ఆనించి విన్న అలలనే నాలుగేళ్ల తర్వాత ఉలితో పట్టుకున్నాడు.

పర్శరాములు ఓడ చుట్టూ తిరిగి మురిసిపోయాడు. వంగి లోపలికి చూడగానే మొహం మాడిపోయింది. అడుగు అరలో బొటనవేలంతేసి మనుషులు నలభైమంది, ఒకరి కాళ్ల సందున ఒకరు.

"గీళ్లెవరు ఘనీ?"

"మేమే సేటు. గా రుమాలు కట్టుకున్నోడు లింగంపేట సిద్దిరాములు. పాపం, దుబాయి మొకం సూడనేలేదు."

బెంచీ మీద బీబీపేట నుంచి వచ్చిన నలుగురు మూటలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. పర్శరాములు గొంతు తగ్గించాడు.

"ఆళ్లను గూడ లాంచీలనే తోలుతున్న. గిది జూస్తే ఎవడు పోతడు? తీసెయ్."

"తీస్తే రారు సేటు. అంత ఒక్కటే చెక్క."

"అయితే మీద పలక గొట్టు. కనవడకుంటే సాలు. పైసలు గిప్పుడే ఇస్త."

ఘనీకి ఒళ్లు మండింది. అయినా రేకులు గుర్తొచ్చాయి, పొగాకుతో నల్లబడ్డ కుల్సుం వేళ్లు గుర్తొచ్చాయి. పనిసంచిలోంచి పలక తీసి, కొలతకు కోసి, ఓడ మీద పరిచాడు. మేకు నిలబెట్టి సుత్తి ఎత్తాడు.

లోపల మనుషులు చీకట్లో పడ్డారు. గస్తీ పడవ కనిపించినప్పుడల్లా లాంచీవాళ్లు ఇలాగే మూత బిగించేవాళ్లు. లోపలి నుంచి దాన్ని బాది బాది ఘనీ చేతులు వాచిపోయాయి. మూడో రోజు మూత తీసేసరికి సిద్దిరాములు లేవలేదు. ఇవాళ సుత్తి తన చేతిలోనే ఉంది.

దాన్ని కింద పెట్టేశాడు.

"కొట్టవేంది?" అన్నాడు పర్శరాములు.

"మూత నేను గొట్ట సేటు. నాతోని గాదు."

"అయితే పైసా ఇయ్య. తీస్కపో నీ ఓడ!"

బెంచీ మీంచి నెరిసిన మీసాలాయన లేచి వచ్చాడు. "అన్నా, గా ఓడల ఎట్ల పండుకున్నరో జర సూడనియ్యి."

ఘనీ పలక తీసి పక్కన పెట్టి, ఓడను కిటికీ వెలుతురుకు తిప్పాడు. మిగతా ముగ్గురూ మూటలు దించి లేచారు.