తూకానికెక్కని మేనత్త

తూనికలు, కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరైన పెద్దత్తకు కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. ఆ సంగతి తెలిసిన దుకాణదారులు ఆమె గొంతు తగ్గగానే వాదన మానేసి, దాచిన దొంగరాళ్ళు తామే తెచ్చి బల్లమీద పెట్టేవారు. ఆ ఉదయం ఆస్పత్రి వరండాలో ఆమె గొంతు పక్కవారికి కూడా వినిపించనంతగా తగ్గిపోయింది.

"డాక్టరు మళ్ళీ ఏమన్నాడే?"

ఆమె అడిగింది మేనకోడలిని, అంటే తమ్ముడి కూతురిని. ఆ పిల్ల సిటీ బస్సు నడుపుతుంది. ఇంటిల్లిపాదీ ఆమెను బుల్లెట్ అనే పిలుస్తారు. కొన్నాళ్ళుగా నాలుగు ముద్దలు తినేసరికే కడుపు నిండిపోతోంది. చేతులు పుల్లల్లా చిక్కిపోతుంటే పొట్ట మాత్రం ముందుకొస్తోంది. స్టీరింగు పొట్టకు తగులుతోందని సీటు వెనక్కి జరుపుకుంటే బ్రేకు మీద కాలు సరిగ్గా ఆనడం లేదు.

"పాత పాటే అత్తా. గ్యాసట. కూర్చుని బండి నడిపేవాళ్ళకి మామూలేనట. అయితే ఆ గ్యాసేదో పట్టి బస్సుకి పెట్టండి, డీజిలు మిగుల్తుందన్నాను. నవ్వలేదు మహానుభావుడు."

"స్కానింగు?"

"అక్కర్లేదట. నాది ఆకుపచ్చ ఫైలు కదా!"

ఆ ఫైలు కథ నిరుడు మొదలైంది. గొట్టంలో కాస్త ఉమ్మి పోసి ఇస్తే, అండాశయ క్యాన్సర్ వచ్చే ముప్పు ఎంతో జన్యువులను చూసి చెబుతామని ఆస్పత్రివారు ప్రకటించారు. ముప్పు ఎక్కువైతే ఎర్ర ఫైలు, తక్కువైతే ఆకుపచ్చది. ఎర్ర ఫైలు పట్టుకొచ్చినవారికి చిన్న నొప్పికి కూడా స్కానింగు చేస్తారు. ఆకుపచ్చ ఫైలు పట్టుకొచ్చినవారు ఎంత నొప్పి అని చెప్పుకున్నా ముందు మాత్రలు, ఆపైన 'చూద్దాం'. ఆకుపచ్చది చేతికొచ్చిన రోజు బుల్లెట్ డిపోలో అందరికీ స్వీట్లు పంచింది.

పెద్దత్త లేచి, మేనకోడలి చెయ్యి పట్టుకుని, నేరుగా లోపలికి నడిచింది.

డాక్టరు మర్యాదస్తుడే. "కూర్చోండమ్మా. మీ అమ్మాయి గురించి భయం అక్కర్లేదు. జన్యువుల్లో చిన్న చిన్న తేడాలు చాలామందిలో ఉంటాయి. ఒక్కోటి ముప్పుని రవ్వంత పెంచుతుంది, లేదా రవ్వంత తగ్గిస్తుంది. అవన్నీ కూడి చూస్తే మీ అమ్మాయికి ముప్పు తక్కువ."

"తక్కువంటే లేదనా?"

"లేదని కాదు..."

"మరి ఫైలు రంగు చూసి పంపేస్తున్నారేం? వాన పడే అవకాశం ఎంతో చెప్పడం ఒకటి నాయనా. నిలువునా తడిసొచ్చినదాన్ని గుమ్మంలో నిలబెట్టి, ఇవాళ వాన లేదు పొమ్మనడం ఇంకొకటి."

డాక్టరు ముఖం ముడుచుకుంది. "ఇక్కడి పద్ధతి అది. అడిగినవాళ్ళందరికీ స్కానింగంటే యంత్రాలు చాలవు. పైగా మీ కుటుంబంలో ఈ జబ్బు ఎవరికీ లేదని మీ అమ్మాయే చెప్పింది."

"ఏమని అడిగితే అలా చెప్పింది?"

ముందుగదిలో వివరాలు అడిగే అమ్మాయిని పిలిపించారు. ఆమె పాఠం అప్పజెప్పినట్టు చెప్పుకుపోయింది: "మీ అమ్మకి గానీ, అమ్మమ్మకి గానీ, పిన్ని, పెద్దమ్మలకి గానీ, అక్కచెల్లెళ్ళకి గానీ అండాశయ క్యాన్సర్, రొమ్ము క్యాన్సర్ ఉన్నాయా అని అడుగుతానండీ. అందరినీ అలాగే అడుగుతాను."

"మేనత్తలకి?"

"మేనత్తలంటే... నాన్నగారి వైపు కదండీ? ఇది ఆడవాళ్ళ జబ్బు కదా!"

పెద్దత్త పక్కకు తిరిగి బుల్లెట్‌ను చూసింది. ఆ విశాలమైన నుదురు, ఆ ఎత్తైన భుజాలు, కుర్చీలో కూడా ప్రయాణానికి సిద్ధమైనట్టు కూర్చునే ఆ తీరు, అంతా తన చెల్లెలిదే. ఈ పిల్ల పుట్టిననాడే ఇంట్లో అందరూ 'అచ్చం చిన్నమేనత్త పోలిక' అని మురిసిపోయారు. ఆ చెల్లెలు కూడా ఇలాగే నాలుగు ముద్దలకే కంచం పక్కకు జరిపేది. ఇలాగే ఆమెకూ గ్యాసన్నారు.

"దీని ముఖం మేనత్తది. నడక మేనత్తది. నోటి దురుసూ దానిదే," అంది పెద్దత్త. "అన్నీ మా తమ్ముడి మీదుగానే దిగొచ్చాయి. జబ్బొక్కటీ అమ్మ వైపు దారే అడిగి రావాలా? నా చెల్లెలు అండాశయ క్యాన్సర్‌తో పోయింది. నలభై నిండకుండా పోయింది."

"నన్ను అమ్మ వైపు అడిగారు, లేదన్నాను," అంది బుల్లెట్ మెల్లగా. "మేనత్తల గురించి అడిగి ఉంటే చెప్పేదాన్ని."

డాక్టరు చేతిలోని పెన్ను కింద పెట్టాడు. "తండ్రి వైపు నుంచి కూడా రావచ్చమ్మా. అది నిజమే. అలాంటప్పుడు అరుదుగా ఉండే బలమైన మార్పుల కోసం వేరే పరీక్ష చెయ్యాలి. మేం చేసినది వాటిని చూడదు."

"గోరంతవి లెక్కపెట్టి కొండంతదాన్ని వదిలేశారన్నమాట. మీ తక్కెడ దొంగదని నేననను. సరుకు సగమే పెట్టారు. సగం తూచి, మొత్తం ఇంతేనని చీటీ రాసిచ్చిన దుకాణానికి నేను తాళం వేయించేదాన్ని."

"ఇవాళే స్కానింగు రాస్తాను."

"రాయడం కాదు, పదండి."

స్కానింగు బల్లమీద పడుకుని బుల్లెట్, "కవలలైతే ఒకరిని నువ్వే పెంచాలత్తా," అంది. పొట్టమీద చల్లటి జిగురు రాసి పరికరం తిప్పుతున్న టెక్నీషియన్ నవ్వింది. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. తెరను తనవైపుకు తిప్పుకుని, ఇంకోసారి చూసి, వెళ్ళి డాక్టరును తీసుకొచ్చింది.

"ఎడమ అండాశయంలో గడ్డ ఉంది," అన్నాడతను చివరికి. "పొట్టలో నీరు చేరింది. అదేమిటో ఆపరేషన్ చేస్తే గానీ తేలదు. సర్జన్‌తో ఇప్పుడే మాట్లాడతాను."

"మొదటిసారి వచ్చినప్పుడే చూసుంటే?"

పెద్దత్త చేతిరుమాలు తీసి మేనకోడలి పొట్టమీది జిగురును తుడిచింది. చంటిపిల్లకు స్నానం చేయించి ఒళ్ళు తుడిచినట్టు, మడతలన్నీ వెతికి మరీ తుడిచింది.

"నా బస్సెవరు నడుపుతారత్తా?" అంది బుల్లెట్.

"నువ్వొచ్చేదాకా ఎవరో ఒకరు. లే."

"క్షమించండమ్మా," అన్నాడు డాక్టరు.

"అది తర్వాత. బయట ఇంకెంతమంది చేతుల్లో ఉన్నాయి ఈ ఆకుపచ్చ ఫైళ్ళు?"

"ప్రశ్నలు మారుస్తామమ్మా. కమిటీ ముందు పెట్టి..."

"మీ కమిటీ కూర్చునేలోగా వాళ్ళు లేచి ఇళ్ళకి పోతారు."

వరండాలో ఆడవాళ్ళు వరుసగా కూర్చుని ఉన్నారు. ఫస్టు క్లాసులో పాసైన సర్టిఫికెట్లలా ఆకుపచ్చ ఫైళ్ళను ఒళ్ళో భద్రంగా పెట్టుకున్నారు. పొట్టమీద చెయ్యి వేసుకుని కూర్చున్న ఒకామె పక్కన పెద్దత్త కూర్చుంది. సర్జన్ పిలుపు వచ్చేదాకా నన్నూ ఏదో ఒకటి చెయ్యనివ్వమన్నట్టు, బుల్లెట్ వెళ్ళి ఎదుటి వరుసలో ఇంకొకామె పక్కన కూర్చుంది.

పెద్దత్త ఎంతో తగ్గించిన గొంతుతో అడిగింది:

"అమ్మా, మీ నాన్నగారికి అక్కచెల్లెళ్ళున్నారా?"