ధన్యకీ శరణ్యకీ మధ్య

నా నోరు మంచిది కాదని తొండియార్‌పేటలో మా బడి మొత్తానికీ తెలుసు. ఇరవై రెండేళ్ళుగా ఆడపిల్లల గైడ్స్ దళానికి టీచర్‌ని. శుక్రవారం సాయంత్రం నేను ఈల ఊదితే, నీలం యూనిఫాంలో ఉన్న పిల్లలు పరుగున వచ్చి జెండా ముందు గుర్రపు లాడం ఆకారంలో నిలబడాలి. భుజానికీ భుజానికీ మధ్య జానెడే ఎడం. ఈ ఏడాది జూన్ నుంచి మాత్రం ధన్యకీ శరణ్యకీ మధ్య ఒక మనిషి పట్టేంత ఖాళీ ఉంటోంది.

"ఆడ ఎవరి కోసం వదిలారే చోటు?" అని మొదటి వారం కసిరాను.

"ఎవురికీ లేదు టీచర్," అంటూ ధన్య దగ్గరికి జరిగింది. నేను జెండా తాడు సరిచూసుకుని తలెత్తేసరికి మళ్ళీ అంతే ఖాళీ. నేల మీద సుద్దముక్కతో గీతలు గీశాను. ఆ ఇద్దరి చోట్లో వేరే ఇద్దర్ని నిలబెడితే వాళ్ళూ ఎడంగా జరిగారు. ఎవరూ వేళాకోళం చెయ్యడం లేదు, జరిగినట్టు వాళ్ళకే తెలియదు. ఒళ్ళు మండాల్సిన నాకు ఒళ్ళు చల్లబడింది. వీళ్ళంతా ఆరో తరగతిలో కొత్తగా చేరినవాళ్ళు. ఆ చోటు ఎవరిదో వాళ్ళకి తెలిసే దారే లేదు.

అది కార్తీకది. పోయిన ఏడాది, పిల్లలు ప్రమాణం చేసి బ్యాడ్జి పెట్టించుకునే రోజున, ఆ పిల్ల మెడలో స్కార్ఫు చిలకపచ్చగా ఉంది. మాది ముదురాకుపచ్చ. వాళ్ళమ్మ అలమేలు వాషర్‌మెన్‌పేట్‌లో రవికె గుడ్డ కొని ఇంట్లోనే కుట్టింది. పెద్ద ఆఫీసరొకాయన వచ్చి కూర్చున్నాడు, వరస అందంగా కనబడాలని నా ఆరాటం. "ఇదేం రంగు? పో అవతలికి, వచ్చే ఏడు చూద్దాం," అన్నాను ఆ పిల్లకి మాత్రమే వినపడేలా. స్కార్ఫు విప్పి చేత్తో పట్టుకుని వెళ్ళిపోయింది. రెండు నెలలకి జ్వరం వచ్చి చనిపోయింది.

నేను చేసిన పని అలమేలుకి చెప్పి, కాళ్ళు పట్టుకునైనా క్షమించమని అడిగి, ఆ పిల్లకి దక్కని బ్యాడ్జి ఇచ్చేస్తే తప్ప ఈ చోటు పూడదని నాకు గట్టిగా అనిపించింది. అందుకే ఈ ఏడాది ప్రమాణం రోజున ఆమెను పిలిపించాను. అందరికీ బ్యాడ్జీలు పెట్టడం అయింది. పిల్లలింకా వరసలో ఉండగానే ఆమెను పక్కకి తీసుకెళ్ళాను. ఖాళీ అట్లాగే ఉంది.

"అలమేలూ, ఆ రోజు కార్తీకని నేనెందుకు పంపేశానంటే..."

"తెలుసు టీచరమ్మా. పాప చెప్పినాది."

"నేను కుట్టింది బాగాలేదనే పంపించినారేమోనని నాకు ఒకటే బయం. రంగు కొంచెం వేరేగా ఉండాది కదా. 'అది కాదుమా, నేను నిలబడింది తప్పు,' అని పాప చెప్పింది. ఆ రోజు నుంచి ఇంటికొస్తే గోడకానుకుని నిటారుగా నిలబడేది. జ్వరంలో కూడా లేచి నిలబడేది టీచరమ్మా. పడుకోవే అంటే వినలా." అలమేలు కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "నిజం చెప్పండి. నిలబడింది తప్పా, నా స్కార్ఫా? ఈ మాటకే నాకు నిద్ర పట్టదు."

ఇన్నేళ్ళూ నోటికేమొస్తే అది అన్నదాన్ని. ఇప్పుడు ప్రతి మాటా తూచుకోవాల్సి వచ్చింది. నిజం చెబితే నా బరువు దిగుతుంది, దిగి ఆమె నెత్తిన పడుతుంది. ఆ పిల్ల జ్వరంలో నిలబడి కాపాడిందంతా నేలపాలవుతుంది. నా వెనక, ఆ ఖాళీలో, ఎవరో ఊపిరి బిగబట్టి నిలబడ్డారని నా వీపుకి తెలుస్తూనే ఉంది.

"స్కార్ఫు చాలా బాగుందమ్మా. నిలబడడంలోనే తప్పు," అన్నాను.

అలమేలు ముఖం తేటపడింది. నేనిచ్చిన బ్యాడ్జి తీసుకుని కళ్ళకద్దుకుంది. రెండోసారి కూడా తప్పంతా ఆ పిల్ల మీదే వేశాను, అదీ తను వింటుండగా.