గడప దాటని బండి

ఇంజను మళ్లీ అక్కడే ఆగింది.

కిటికీ కింది థర్మోకోల్ గుట్టను చుట్టి వచ్చింది. దేవుడి గూడు ముందునుంచి మెల్లగా మలుపు తిరిగింది. తలుపు దాకా వచ్చి, తలుపుకు అడ్డంగా వేసిన పలక మీద జానెడు దూరం పాకి, ప్రాణం పోయినట్టు నిలబడిపోయింది. వెనకాల డబ్బాలు ఒకదాన్నొకటి తగిలి ఊరుకున్నాయి. ఉమాకాంత్ చేతిలోని మీటను చివరిదాకా తిప్పాడు. ఇంజనులో చలనం లేదు.

“అన్నా, నీ బండికి ఈడ చాయ్ స్టాప్ ఉన్నదా ఏంది?” అన్నాడు ఫణీంద్ర.

ఫణీంద్ర ఉండేది నారాయణగూడలో. బ్యాంకు ఉద్యోగం. బొమ్మ రైళ్ల పిచ్చి ఉన్నవాళ్లంతా ఫోన్లో ఒక గ్రూపు పెట్టుకుంటే అందులో పరిచయమయ్యాడు. అతనికి మేడ మీద రేకుల షెడ్డు ఉంది, అందులో బండి హాయిగా తిరుగుతుంది. శనివారం సాయంత్రాలు చిక్కడపల్లి వచ్చి ఉమాకాంత్ బండి తిరగడం చూసి పోదామనుకుంటాడు. ఇప్పటిదాకా ఆగడమే చూసి పోయాడు.

మొన్న గురువారం చక్కగా తిరిగిందని ఉమాకాంత్ చెప్పబోయాడు. కిందటి శనివారం కూడా అదే మాట చెప్పినట్టు గుర్తొచ్చి నోరు మూసుకున్నాడు. అది అబద్ధం కాదు. బుధ, గురువారాల్లో, హిమాయత్‌నగర్‌లో తను పనిచేసే ఆడిటర్ ఆఫీసు నుంచి ఇంటికొచ్చి ఒంటరిగా నడిపినప్పుడు బండి తిరుగుతుంది. ఎవరైనా చూడడానికి వచ్చిన రోజే ఆగుతుంది.

ఉమాకాంత్ వాళ్లుండే పై వాటాలో ఉన్నవి హాలు, వంటిల్లు, పక్కన ఈ చిన్న గది. మంచం వేస్తే నడవడానికి దారి మిగలని గది. గోడలో దేవుడి గూడు ఉంది కాబట్టి ఇంట్లో అందరూ దాన్ని దేవుని అర్ర అంటారు. చదువుకునే రోజుల నుంచి దాచుకున్న కోరికను ఉమాకాంత్ కిందటేడు ఈ గదిలో మొదలుపెట్టాడు. బల్ల మీద పట్టాలు పరుద్దామంటే కుదరలేదు. ఇంజను అరచేతిలో పట్టేదే అయినా దానికి పెద్ద మలుపు కావాలి, ఇరుకు మలుపులో పట్టా తప్పుతుంది. అంత పెద్ద బల్ల వేస్తే గదిలో మనిషి నిలబడలేడు. అందుకని గోడల వెంబడి నడుము ఎత్తున మూరెడు వెడల్పు చెక్కలు బిగించి నడుమ ఖాళీ వదిలాడు. బండి గది చుట్టూ తిరుగుతుంది, మనుషులు మధ్యలో నిలబడతారు. అడ్డం వచ్చింది తలుపొక్కటే. అక్కడ కిరాణా కొట్టు కౌంటరుకు ఉన్నట్టు లేపే పలక పెట్టాడు. లేపితే దారి, దించితే వంతెన.

ఆ పలకంటే అతనికి గర్వం. ఇంజను పట్టాల నుంచే కరెంటు తీసుకుంటుంది కాబట్టి పలక మీది పట్టాలకూ కరెంటు అందాలి. కిందినుంచి వైరు వెయ్యమని ఫణీంద్ర మొదట్లోనే చెప్పాడు. వైరు వేలాడుతుంటే చూడ్డానికి బాగుండదని, లేపి దించేచోట తెగుతుందని ఉమాకాంత్ వినలేదు. రెండు చిన్న ఇత్తడి గడియలు తెచ్చి పలక చివర బిగించాడు, ఒక్కో పట్టాకు ఒకటి. గడియ వేస్తే పలక కదలదు, కరెంటు కూడా ఆ గడియ గుండానే పట్టాలోకి పోతుంది. ఆ తెలివి తనకు తట్టినందుకు చాలా రోజులు లోపల్లోపల మురిసిపోయాడు.

ఆ శనివారం ఫణీంద్ర వెళ్లిపోయాక, ఉమాకాంత్ అన్నం ముందు కూర్చుని కూడా ఇంజను గురించే ఆలోచిస్తున్నాడు. భార్య ఉదయశ్రీ ప్రైవేటు స్కూల్లో టీచరు. ఆమె కూర వడ్డిస్తూ సంజన సంగతి ఎత్తింది. సంజన వాళ్ల ఒక్కతే కూతురు, ఇంటర్ రెండో సంవత్సరం. హాల్లో టీవీ, బాపమ్మ అనసూయమ్మ మంచం. అశోక్‌నగర్ వైపు లైబ్రరీకి పోదామంటే, గ్రూప్స్ పరీక్షలకు చదివేవాళ్లు పొద్దున్నే వచ్చి కుర్చీల మీద బ్యాగులు పెట్టేసి ఉంటారు. ఆ పిల్ల కొన్నాళ్లుగా బయట మెట్ల మీద కూర్చుని చదువుతోంది. ఎక్కేవాళ్లకూ దిగేవాళ్లకూ జరిగి దారి ఇస్తూ.

“నా పిల్ల మెట్ల మీద కూసొని చదువుతది,” అంది ఉదయశ్రీ. “మీ స్టేషన్ల మాత్రం ప్లాస్టిక్ మనుషులు బెంచీల మీద కాళ్లు చాపుకొని కూసున్నరు. పోనీ ఆ బండన్న ఒక్కనాడు మొత్తం తిరిగిందా అంటే అది లేదు.”

ఫణీంద్ర మాట ఇంకా గుచ్చుతూనే ఉంది. అందుకే ఆ మాట నోట్లోంచి ఊడిపడింది.

“దసరా నాటికి మీ అందరి ముంగట ఒక సుట్టు తిరగకపోతే నేనే అంతా ఇప్పేస్త. అర్ర మీకే ఇచ్చేస్త.”

ఉదయశ్రీ గరిటె పక్కన పెట్టి అతని వైపు చూసింది. “మాట మీదుంటరా?”

ఉంటానన్నాడు.

ఆ రోజు నుంచి ఇంట్లో వాళ్లకు ఉమాకాంత్‌తో వేగడం కష్టమైంది. పట్టాలను స్పిరిటుతో తుడిచాడు. ఇంజను విప్పి చక్రాలు తోమాడు. మోటారు మార్చాడు. వానల వల్ల చెక్క ఉబ్బిందేమోనని పలక అంచు చిత్రిక పట్టాడు. కరెంటు ఎక్కడ తెగుతోందో మీటరు పెట్టి చూద్దామని గడియ ఒకసారి తీసి వేస్తే కరెంటు వచ్చేది. సరే బాగైంది కదా అని వదిలేస్తే మళ్లీ శుక్రవారానికో శనివారానికో పోయేది. దొంగ దొరికినట్టే దొరికి జారిపోతుంటే ఎలా ఉంటుందో అలా ఉండేది అతనికి. తలుపు గట్టిగా వేసిందని సంజనను కసిరాడు. గదిలో ఒడియాల డబ్బా పెట్టిందని, ఆ పిండి దుమ్మే పట్టాల మీద పడుతోందని ఉదయశ్రీని తప్పుపట్టాడు. ఇంట్లో ఎవ్వరూ పట్టాలకు చెయ్యి తగిలించొద్దని మళ్లీ మళ్లీ చెప్పాడు. తన తల్లి అనసూయమ్మకు మరీ నిలబెట్టి చెప్పాడు, ఎందుకంటే రోజూ పొద్దునా సాయంత్రం పలక లేపి దేవుడికి దీపం పెట్టేది ఆమే.

అనసూయమ్మ అన్నీ విన్నది. ఆమెకు రోగం ఎక్కడుందో ముందే తెలుసు.

“శనివారం శనివారం ఆ ఫణీంద్ర వచ్చి నోరు తెరుసుకొని చూస్తడు. దిష్టి తగులదా మరి?” అంది.

దిష్టీ లేదు ఏమీ లేదు అమ్మా అని విసుక్కున్నాడు.

నవరాత్రులు వచ్చాయి. అంతకుముందు వారంలో కొన్ని రోజులైనా తిరిగే బండి ఇప్పుడు ఒక్క పొద్దున కూడా పలక దాటలేదు. పొద్దున ఆఫీసుకు పోయేముందు చూసుకుంటే ఆగేది, సాయంత్రం గడియ ఆడించి నడిపితే దాటేది, తెల్లారితే మళ్లీ మొదటికి వచ్చేది. ఉమాకాంత్ గడ్డం చేసుకోవడం మానేశాడు. చిక్కడపల్లి చౌరస్తాలో బతుకమ్మ పూలు అమ్మేవాళ్ల మధ్యనుంచి నడిచివస్తూ కూడా, గునుగు పువ్వు కట్టలు చూస్తే తన గుట్ట మీద నాటడానికి పనికొస్తాయా అని కాక, ఇంక నాటి ఏం లాభం అని అనిపించేది. విప్పేస్తే పట్టాలు దాచడానికి ఫణీంద్రను ఒక పెట్టె అడగాలని కూడా అనుకున్నాడు. అడగడానికి మాత్రం నోరు రాలేదు.

దసరా పొద్దున సెలవు. మామూలుగా అమ్మ పూజ చేసే వేళకు అతను స్నానంలో ఉంటాడు. ఆ రోజు మాత్రం ముందే లేచి, తలకు పోసుకోకుండా, చాయ్ గ్లాసు పట్టుకుని హాల్లో కూర్చుని పలక వైపు దిగులుగా చూస్తున్నాడు.

అనసూయమ్మ తడి జుట్టు ముడి వేసుకుని, ఇత్తడి గిన్నెలో తడిపిన పసుపుతో వచ్చింది. కింద, ఆ గది తలుపుకున్న అసలు గడపకు ఉదయశ్రీ ఎప్పుడో పచ్చ రంగు వేయించి ఎర్ర చుక్కలు పెట్టించింది, రోజూ రాసే పని లేకుండా. ముసలామె దానివైపు చూడనైనా చూడలేదు. పలక ముందు నిలబడి, మూడు వేళ్లు పసుపులో ముంచి, పలక అంచుకు ఈ చివర నుంచి ఆ చివర దాకా రాసింది. పట్టాల దగ్గరికి రాగానే వేళ్లు ఎత్తి, పట్టా దాటించి, మళ్లీ ఆనించింది. ఎంత జాగ్రత్తో. చివర ఉన్న రెండు గడియలకు మాత్రం నింపాదిగా, సందుల్లోకి దిగేలా, పైనా కిందా పట్టించింది. తర్వాత కుంకుమ బొట్లు పెట్టింది.

ఉమాకాంత్ గ్లాసు కింద పెట్టాడు.

పలక అంచున పసుపు, బొట్లు అతను ఏడాదిగా చూస్తూనే ఉన్నాడు. రోజూ చూశాడు. తలుపున్న చోట పసుపు ఉండడం పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే కాబట్టి అతని కంటికి అది ఆనలేదు. ఇక గడియ సందుల్లో ఎండి కరెంటును ఆపే పసుపు, ఇత్తడి రంగులోనే ఉంటే ఎవరికి కనిపిస్తుంది. స్పిరిటుతో తుడిచినవి పట్టాలు. మార్చింది మోటారు. తిట్టింది పిల్లను.

“అమ్మా, ఇది ఎప్పటిసంది రాస్తున్నవ్?” అంటూ లేచాడు.

“నువ్వు ఈ పలక పెట్టిన సంది. ప్రతి శుక్రారం.” ఆమె వెనక్కి తిరగలేదు. “ఆ పిలగాడు వచ్చిపోయినంక ఆదివారం గూడ. పండుగలకు రోజు. మోకాళ్లు వంగనిస్తలేవు బిడ్డా, కింది గడపకు చెయ్యి అందదు. రంగేస్తే పసుపు అయితదా? నువ్వే చేతికి అందేటట్టు గడప కట్టిచ్చినవ్. నీ బండి మంచిగ తిరగాలని మొక్కుకుంటనే రాస్తున్న. పట్టాలకు చెయ్యి తగిలిస్తలేను సూడు.”

చెప్పాల్సిన మాటలన్నీ అతని గొంతు దాకా వచ్చాయి. నువ్వే అమ్మా ఆపుతున్నది అని ఒక్క మాట చాలు. గిన్నె పట్టుకున్న ఆమె చెయ్యి మోకాలి మీదికి పోయింది, ఒకసారి రాసుకుంది, మళ్లీ పైకి వచ్చింది. అతను గుడ్డ ముక్క తీసుకుని గడియ వైపు వెళ్లాడు.

“ఏంది, తుడుస్తవా?” అనసూయమ్మ పలకకు అడ్డం నిలబడింది. “పండుగ పూట గడప పసుపు తుడుస్తరా ఎవరన్న? రేపు తుడుసుకో.”

సాయంత్రానికి బండి తిరగాలి. గడియలు ముట్టుకోవడానికి లేదు. దొంగ కళ్ల ముందు బొట్టు పెట్టుకుని కూర్చున్నాడు, పట్టుకోవడానికి లేదు. ఉమాకాంత్ గుడ్డను నలిపి మూలకు విసిరేశాడు. కాసేపు హాల్లో ఇటూ అటూ తిరిగాడు. ఒక ఉపాయం ఉందని అతనికి తెలుసు, ఆ ఉపాయం ఎవరిదో కూడా తెలుసు. అదే మింగుడు పడటం లేదు.

దుకాణాలు మూసి ఉన్నాయి. పాత కాలింగ్ బెల్లుకున్న ఎర్ర వైరు పీకి, చెక్క కింద నేల మీద వెల్లకిలా పడుకుని, పట్టాల అడుగునుంచి పలక అడుగుకు రెండు ముక్కలు అతికించాడు. వేడి సీసం బొట్టు ఒకటి మెడ మీద పడింది. పైన అనసూయమ్మ పసుపు చెక్కుచెదరలేదు.

సాయంత్రం జమ్మి పూజ ముగించుకుని అందరూ వచ్చారు. ఫణీంద్ర కూడా జమ్మి ఆకు పట్టుకుని వచ్చాడు, ఉమాకాంత్‌ను కౌగిలించుకుని అలాయిబలాయి తీసుకున్నాడు. లోపలికి తొంగి, పలక కింద వేలాడుతున్న ఎర్ర వైరు చూశాడు.

“వైరు ఏసినవా అన్నా,” అన్నాడు. అంతే అన్నాడు. దానికంటే నవ్వి ఉంటే నయమనిపించింది.

ఉమాకాంత్ పలక కింది నుంచి దూరి గది మధ్యకు వెళ్లి మీట తిప్పాడు. బండి కదిలింది. గుట్ట చుట్టింది, దీపం ముందునుంచి మలుపు తిరిగింది, పలక మీదికి వచ్చింది. ఇంజను జానెడు దాటింది, మూరెడు దాటింది, పసుపు పూసిన గడియల నడుమనుంచి డబ్బాలన్నీ లాక్కుని అవతలి చెక్క మీదికి పోయింది. స్టేషను ముందునుంచి మళ్లీ రెండో చుట్టు మొదలుపెట్టింది.

“సూసినవా,” అంది అనసూయమ్మ కోడలితో. “పొద్దుగాల్ల ఎంత పట్టిచ్చి రాసిన్నో.”

ఉమాకాంత్ పళ్లు బిగపట్టి నవ్వాడు.

ఉదయశ్రీ చేతులు కట్టుకుని మూడో చుట్టు దాకా చూసింది. తర్వాత, తిరిగింది కాబట్టి ఇక విప్పమననని ఒప్పుకుంది. ఏడాదిలో మొదటిసారి అతని భుజాలు కిందికి దిగాయి. అప్పుడే అతని కాళ్ల పక్కన ఏదో జరజరమని చప్పుడైంది. సంజన పలక కింది నుంచి చాపను, పుస్తకాల సంచిని లోపలికి నెట్టి, తనూ దూరి, కిటికీ వైపు చెక్క కింద బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

“డాడీ, ఈడ ఒక లైటు పెట్టియ్యి,” అంది. “బండి తిరిగేటప్పుడు ఎవ్వరు పలక లేపొద్దని నువ్వే అన్నవ్ కదా. గంతకన్న మంచి తలుపు ఏడ దొరుకుతది?”

ఉదయశ్రీ నవ్వు ఆపుకోవడానికి వంటింట్లోకి వెళ్లింది. అర్ర విప్పనక్కర్లేదని మాత్రమే అంది ఆమె. అందులో ఎవరు కూర్చోవాలో భార్యాభర్తలిద్దరూ ఆ రోజు మాట్లాడుకోలేదు.

తర్వాతి వారం ఆఫీసు నుంచి తొందరగా వచ్చిన రోజు, పలక దించి ఉంది, లోపలినుంచి గడియలు వేసి ఉన్నాయి. మీట లోపలే, కిటికీ కింద, సంజన తల పక్కన ఉంది. ఉమాకాంత్ పలక మీద మోచేతులు ఆనించి, ఒక్క చుట్టు నడుపుకుంటానని అడిగాడు. చప్పుడుకు లెక్కలు తప్పుతున్నాయని, పరీక్షలు అయ్యాక నడుపుకోమని చెక్క కిందినుంచి జవాబొచ్చింది. స్టేషనులో బండి సిద్ధంగా నిలబడి ఉంది. ప్లాస్టిక్ మనుషులు బెంచీల మీద కూర్చుని ఉన్నారు. అర సుట్టు, అన్నాడు. చెక్క కింద పేజీ తిరిగిన చప్పుడైంది.

వెనకనుంచి అనసూయమ్మ దీపం పెట్టడానికి నూనె గిన్నెతో వచ్చి ఆగింది.

“జర పక్కకు జరుగు నాయినా,” అంది. “దీపాల వేళ గడపల నిలవడొద్దు.”