కంటిన్యుటీ తప్పిన గొర్రెలు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఈ సంగతి ముందే చెప్పేస్తే, తర్వాత జరిగింది చదివి నన్ను తిట్టుకునేటప్పుడు కొంచెం తగ్గించి తిట్టుకుంటారని నా ఆశ.

మా కాలేజీ కల్వకుర్తిలో శ్రీశైలం రోడ్డు మీద, ఒక విత్తనాల దుకాణం పైన ఉండేది. కాలేజీ అంటే మూడు గదులు. ఒక గదిలో కుట్టు పని, ఇంకో గదిలో ఏసీ మెకానిక్ పని, మూడో గదిలో మేము. ఫిల్మ్ ప్రొడక్షన్, ఏడాది కోర్సు, మొత్తం పదకొండు మందిమి. పక్క గదిలో కుట్టు మిషన్లు ఆగితే తప్ప మాకు సౌండు పాఠం నడిచేది కాదు. పాఠాలు చెప్పే దామోదర్ సార్ ఇరవై ఏళ్లు హైదరాబాద్‌లో సీరియళ్లకు కెమెరా పట్టి, నడుం నొప్పితో సొంతూరికి తిరిగొచ్చిన మనిషి.

కోర్సు చివర ఒక్కొక్కరూ పది నిమిషాల సినిమా తీయాలి. కాలేజీకి కెమెరా ఒక్కటే, అది ఒక్కొక్కరికి రెండు రోజులు. మూడో రోజు ఇమ్మని ఏడ్చినా సార్ వినరు. సినిమాలు చూసి మార్కులు వేయడానికి హైదరాబాద్ నుంచి కృష్ణకాంత్ అనే డాక్యుమెంటరీ డైరెక్టర్ వస్తారు. ఆయన ప్రతి ఏడాదీ ఒకరిని తన టీములోకి తీసుకుంటారు. ఆ ఒక్కరు నేనే కావాలని చేరిన మొదటి వారంలోనే తీర్మానించుకున్నాను. ఆ సంగతి మిగతా పదిమందికి చెప్పాను కూడా. అందుకే వాళ్లలో నాతో మాట్లాడేవాళ్లు ఇద్దరే మిగిలారు. కెమెరా పట్టే గిరి, మైకు పట్టే స్నేహలత.

నా సినిమా కథ చిన్నది. మందలోంచి ఒక గొర్రెపిల్ల తప్పిపోతుంది. ఒక ముసలామె దాన్ని వెతుకుతుంది. చివరికి పిల్ల తల్లి దగ్గరికి చేరుతుంది. మేము కురుమవాళ్లం. మా బాపు భిక్షానికి నలభై గొర్రెలున్నాయి, అన్నీ నల్లగా, ఒత్తైన ఉన్నితో ఉండేవి. కాబట్టి మందను వెతుక్కునే పని లేదు. ముసలామెగా మా నాయనమ్మ, బక్కమ్మ అవ్వనే అనుకున్నాను. అవ్వకు నటన గురించి ఏదో చెప్పబోయాను.

"తప్పిపోయిన పిల్లను దేవులాడుడు నాకు నువ్వు నేర్పుతవా?" అంది అవ్వ.

శివరాత్రి పోయిన వారం, శనివారం నాడు మా ఊళ్లో మొదటి రోజు షూటింగు చేశాం. మంద మేయడం, అవ్వ గొర్రెలను లెక్కపెట్టడం, ఒకటి తక్కువని గుట్టల వెంట తిరగడం, అన్నీ తీశాం. ఆదివారం సెలవు, కెమెరా సార్ బీరువాలోనే ఉంటుంది. రెండో రోజు సోమవారం. పొద్దున కల్వకుర్తి బజారులో తప్పిపోయిన పిల్లను తీసి, మధ్యాహ్నం దాన్ని ఊరికి తెచ్చి తల్లితో కలిపే చివరి సీను తీయాలి. అందుకని శనివారం సాయంత్రమే గిరి ఆ పిల్లను ఆటోలో వాళ్లింటికి తీసుకుపోయాడు. మూడు నెలల పిల్ల, నుదుట తెల్ల మచ్చ. గిరి వాళ్లమ్మ దానికి సీసాతో పాలు పట్టింది. అది పాలు తాగి, నేను మూడు రాత్రులు కూర్చుని రాసుకున్న షాట్ల కాగితం కూడా తినేసింది. నేను స్నేహలత వాళ్లింట్లో ఉండిపోయి, ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించుకున్న షాట్లు చూసుకుంటూ మళ్లీ కాగితం రాసుకున్నాను.

ఇక్కడ కంటిన్యుటీ అనే మాట చెప్పాలి. ఒక సీను రెండు రోజులు తీసినా, చూసేవాళ్లకు ఒకే రోజులా ఉండాలి. శనివారం ఉన్న బొట్టు సోమవారం కూడా ఉండాలి. ఒక సీరియల్లో పెళ్లికొడుకు తలుపు బయట మీసంతో నిలబడి, తలుపు లోపలికి మీసం లేకుండా వచ్చాడట. ఆ కథను దామోదర్ సార్ కనీసం ముప్పైసార్లు చెప్పారు. కంటిన్యుటీ తప్పిన సినిమాకు పాసు మార్కులు లేవని కూడా చెప్పారు.

అందుకే నేను ఒక నోటుబుక్కు పెట్టుకున్నాను. అవ్వ చీర ఏ రంగు, గొంగడి ఏ భుజం మీద, కర్ర ఏ చేతిలో, అన్నీ రాశాను. చీర ఉతకొద్దని, మార్చొద్దని అవ్వకు మూడుసార్లు చెప్పాను. గొర్రెలకు చీర మార్చుకునే పని ఉండదు కదా అని, వాటి గురించి ఎవరికీ ఏమీ చెప్పలేదు.

సోమవారం పొద్దున బజారులో షాట్లు బ్రహ్మాండంగా వచ్చాయి. పిల్ల ఆటోల మధ్య నిలబడి అరిచిన అరుపుకు అరటిపండ్ల బండి ఆమె కళ్లు తుడుచుకుంది. ఆ ఉషారులో, పిల్లను గిరి ఒళ్లో పెట్టుకుని, పన్నెండున్నరకు మా ఇంటి ముందు ఆటో దిగాం.

బాపు వాకిట్లో నిలబడి ఉన్నాడు. పెళ్లిళ్లకు వేసుకునే తెల్ల చొక్కా వేసుకున్నాడు. ముఖమంతా నవ్వే. ఆయన వెనక మంద. దాన్ని చూసి ఇది మా మంద కాదనుకున్నాను. నలభై గొర్రెల్లో ఒక్కదానికీ ఉన్ని లేదు. శనివారం ఉన్నదాంట్లో సగం అయిపోయి, కత్తెర చారలతో, సన్నటి మెడలతో నిలబడి ఉన్నాయి. మీదికెల్లి అన్నిటికీ వీపు మీద ఎర్రగా జాజు బొట్లు.

"పది రోజులకు కత్తిరించేదే బిడ్డ, జర ముంగటనే కానిచ్చిన," అన్నాడు బాపు. "నిన్న మీ మేనమామలను పిలిచి పొద్దుగూకేదాంక కత్తిరించినం. అందరు చూసే సినిమాల దిగుతున్నయాయె. ఎట్ల పడితే గట్ల ఉంటే మనకు ఇజ్జత్ ఉంటదా?"

గిరి పిల్లను కింద పెట్టబోయి, మళ్లీ ఎత్తుకున్నాడు. స్నేహలత నా చేయి పట్టుకుంది. పట్టుకుని లాభం లేకపోయింది.

"నిన్నెవలు అడిగిండ్రు బాపూ?" అని అరిచాను. "నా సినిమా మొత్తం ఖరాబైంది. నా ఏడాది పోయింది. నీకు గొర్లు తప్ప లోకంల ఇంకోటి తెల్వదు."

మేనమామలు విన్నారు. షూటింగు చూడ్డానికి గోడల మీద కూర్చున్న వాడకట్టంతా విన్నది. బాపు ముఖంలో నవ్వు ఒక్కసారిగా పోలేదు, కొంచెం కొంచెంగా పోయింది. అది చూడడం ఇంకా కష్టమైంది. కర్ర తీసుకుని, మందను దొడ్డిలోకి తోలుకుని పోయాడు.

"శనివారం సంది గిదే చీరల ఉన్న," అంది అవ్వ, గుమ్మంలో కూర్చుని. "మార్చకంటివి, మార్చలే. గొర్ల సంగతి ఎవలికన్న చెప్పినవా? చెప్పనిది నువ్వు, ఒర్రేది వాని మీద."

తప్పు నాదైనప్పుడు నాకు కోపం ఇంకా పెరుగుతుంది. సాయంత్రం ఆరు వరకే వెలుగు, రేపటి నుంచి కెమెరా ఇంకొకరిది. ఊళ్లో వేరేవాళ్ల మంద తెద్దామన్నాడు గిరి. వాళ్లవన్నీ తెల్ల గొర్రెలు. ఇక చేసేదేమీ లేదని అరుగు మీద కూలబడ్డాను. ఏడుపు వచ్చింది, ఏడ్చాను.

అప్పుడు చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్న స్నేహలత అడిగింది. "మల్లికా, గీ అరుపులేంది? మొన్న గింత లొల్లి లేదు."

నిజమే. దొడ్డిలో గొర్రెపిల్లలన్నీ ఒకటే అరుస్తున్నాయి. చిన్నప్పుడు విన్నట్టే ఉంది, కానీ ఎనిమిదో తరగతి నుంచి హాస్టళ్లలో పెరిగిన నాకు కారణం గుర్తు లేదు. ఎవరిని అడగాలో మాత్రం తెలుసు. కాళ్లీడ్చుకుంటూ దొడ్డి దగ్గరికి పోయాను.

"బాపూ, పిల్లలెందుకు ఒర్రుతున్నయి?"

బాపు నా వైపు చూడలేదు గానీ చెప్పాడు. "నిన్నటి సంది పిల్లలను వేరే ఉంచిన, ఇప్పుడే కలిపిన. తల్లులను గుర్తుపడ్తలేవు. బొచ్చు తీసినంక గట్లనే ఉంటది. కండ్లతోని చూస్తే వేరే గొర్రె లెక్క కనపడ్తది. గొంతు ఇని, దగ్గరికి వొయ్యి వాసన పట్టినంకనే నమ్ముతయి."

"నమ్మినంక?"

"నమ్మినంక ఇగ తప్పవు. గీ తికమక ఒక్కపారే."

నేను వెనక్కి తిరిగి చూశాను. గిరి ఒళ్లో ఉన్న పిల్ల శనివారం నుంచి తల్లిని చూడలేదు. దాని లెక్కలో తల్లి ఇంకా నల్లగా, ఒత్తుగా ఉంది. నా కథకు ముగింపు దొరికింది. పిల్ల తప్పిపోయిన రోజుల్లోనే ఇక్కడ ఉన్ని కత్తిరింపు అయిపోయింది. పిల్ల ఇల్లు చేరింది గానీ, ఇంట్లో అమ్మ అమ్మలా లేదు. కత్తిరింపు జరిగిందని చెప్పడానికి అరుగు మీద ఉన్ని కుప్ప అట్లాగే ఉంది. అవ్వ దాన్ని సంచిలో కుక్కుతూ వాకిలి వైపు చూస్తే చాలు.

ఇదంతా బాపుకు గుక్క తిప్పుకోకుండా చెప్పాను. ఆయన గడ్డం గోక్కుంటూ గాలి ఎటు వీస్తోందో చూశాడు.

"పిల్లను గటు దిక్కుకెల్లి తేకుండ్రి," అన్నాడు. "గాలి గటుకెల్లి వస్తాంది. దాని వాసన తల్లికి ముందే తాకుతది. గీ సందుల నుంచి ఇడువుండ్రి. కెమెరా గోడ ఎనుక పెట్టుండ్రి. ఇంకోటి, నువ్వు గా యాక్షన్ యాక్షన్ అని ఒర్రకు. గొర్లు బెదుర్తయి. చెయ్యి ఊపు, చాలు."

మూడున్నరకు చెయ్యి ఊపాను.

పిల్ల సందులోంచి వచ్చి, మందను చూసి ఆగిపోయింది. ఒక గొర్రె దగ్గరికి పోయింది, అది తలతో ఒక్కటి పొడిచింది. ఇంకోదాని దగ్గరికి పోయి అక్కడా తన్నులు తిన్నది. దిక్కుతోచక అవ్వ దగ్గరికి ఉరికి ఆమె చీరలో దూరింది. అవ్వ దాన్ని ఎత్తుకోలేదు. అట్లా ఎత్తుకోవద్దని నేను చెప్పలేదు, ఆమెకే తెలుసు. అప్పుడు మంద మధ్యలోంచి ఒక గొర్రె అరిచింది. పిల్ల చెవులు నిలబడ్డాయి. ఉరికింది, తీరా దగ్గరికి పోయి ఆ సన్నటి ఆకారాన్ని చూసి వెనక్కి జరిగింది. తల్లి మళ్లీ పిలిచింది. పిల్ల ముందుకొచ్చింది, మళ్లీ జరిగింది. మూడోసారి మెడ చాచి, ముక్కు తల్లి కడుపుకు ఆనించి అట్లాగే నిలబడింది. తర్వాత కిందికి దూరి పాలు తాగడం మొదలుపెట్టింది. తోక టపటపా కొట్టుకుంది.

కట్ అనాల్సింది నేనే. నేను ఆ తోకనే చూస్తూ ఉండిపోయాను. గిరే ఎప్పటికో కెమెరా ఆపాడు. దొడ్డి గోడకు ఆనుకుని బాపు రెండు చేతులతో నోరు మూసుకుని ఉన్నాడు. అలవాటు కొద్దీ పిల్లను తనే పిలుస్తానేమోనని అట్లా మూసుకున్నాడట. ఆ రోజైనా బాపుకు ఒక్క మంచి మాట చెప్పి ఉండాల్సింది. ఇంకా మూడు షాట్లు ఉన్నాయని నాకు నేనే చెప్పుకుని తప్పించుకున్నాను.

పదిహేను రోజుల తర్వాత కాలేజీలో సినిమాలు వేశారు. కిటికీలకు దుప్పట్లు కట్టి, కుట్టు పని గదిని హాలు చేశారు. బాపు, అవ్వ చివరి బెంచీ మీద కూర్చున్నారు. నా సినిమా అయిపోయింది. కృష్ణకాంత్ గారు లేచి నా వైపు తిరిగారు.

"ఒక్క షాట్ కోసం మందనంతా కత్తిరించిండ్రు. రెండో టేకు ఉండదని తెలిసి కూడ కత్తిరించిండ్రు. నేను ఇరవై ఏండ్ల సంది సినిమాలు తీస్తున్న, నాకు గింత ధైర్యం లేదు. ఈ ఆలోచన నీదేనా అమ్మా?"

హాలంతా నా వైపు చూసింది. దామోదర్ సార్‌కు అసలు సంగతి తెలుసు. ఆయన ఫ్యాను వైపు చూస్తూ కూర్చున్నారు. అవునంటే అయిపోతుంది. అవును అనే మాట నాలుక చివరి దాకా వచ్చింది కూడా. అప్పుడు చివరి బెంచీ వైపు చూశాను. బాపు నా కంటే ముందే తల ఊపుతున్నాడు. అవును సారు, మా బిడ్డదే అన్నట్టు, తెల్ల చొక్కాలో కూర్చుని గట్టిగా తల ఊపుతున్నాడు.

"కాదు సార్," అన్నాను. "మా బాపుది. సినిమాల దిగేటప్పుడు గొర్లు మంచిగ కనపడాలెనని ఆయన కత్తిరించిండు. నేను కంటిన్యుటీ పోయిందని వాడకట్టు ముందల ఆయన్ను తిట్టిన. నీకు గొర్లు తప్ప ఇంకోటి తెల్వదన్న. ఆయనకు గొర్లు తెలుసు కాబట్టే ఈ సినిమా అయింది. పిల్ల తల్లిని గుర్తుపట్టదని చెప్పింది ఆయనే, ఏ దిక్కుకెల్లి ఇడవాల్నో చెప్పింది ఆయనే."

ఎవరో నవ్వారు. తర్వాత కృష్ణకాంత్ గారే గట్టిగా నవ్వారు, కళ్లజోడు తీసి తుడుచుకునేంతగా.

"మరి నువ్వు చేసిందేంది?"

"ఏడ్చిన సార్. ఏడ్చి, పొయ్యి ఆయన్ను అడిగిన."

"అడిగినవు కదా," అన్నారాయన. "నా టీముల అడిగేటోళ్లే లేరు. ఒకటో తారీఖు నుంచి వచ్చెయ్."

సాయంత్రం బస్టాండులో అవ్వ బత్తాయిలు బేరమాడుతుంటే, బాపు, నేను బెంచీ మీద కూర్చున్నాం. పదిహేను రోజులుగా మోస్తున్న మాట అప్పటికి బయటికొచ్చింది.

"బాపూ, ఆ రోజు నిన్ను అందరి ముందల గట్ల అనొద్దుండె. నాదే తప్పు."

బాపు భుజం మీది తువ్వాలు సర్దుకున్నాడు. "నువ్వు ఒర్రినందుకేం లేదు బిడ్డ," అన్నాడు. "గా పక్క అర్రల కుట్టు మిషన్లు నేర్సుకుంటున్నరు సూడు, నీది గూడ గసోంటిదే ఏదో అనుకున్న ఇన్నొద్దులు. గా దినం నువ్వు ఒర్రంగ నీ మొగం జూసిన. ఎండల గొర్రెపిల్ల సచ్చిపోతె మీ అవ్వ గట్లనే ఒర్రేది. గప్పుడు సమజైంది, ఇది నీకు పాణమని."

బాపు చేయి పట్టుకున్నాను. మా ఊరి బస్సు వచ్చింది, అవ్వ ఎక్కి సీటు పట్టింది. మేమిద్దరం అట్లాగే చేతులు పట్టుకుని ఎక్కాం.