పొడి తువాలు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో అందరూ అంటారు. అక్కకి మాత్రం అసలు కోపమే రాదట. వచ్చినా బాగుండేది. ఎదురుగా నిలబడి నాలుగు తిట్టి ఉంటే, ఆ నాలుగూ దులిపేసుకుని నా దారిన నేను తొక్కుకుంటూ పోయేదాన్ని.

ఈ సైకిలు పిచ్చి ముందు అక్కదే. కళ్ళద్దాల దుకాణంలో రోజంతా తల వంచుకుని అద్దాలు అరగదీసుకునే నన్ను రోడ్డు మీదికి లాగింది తనే. పోనీ తారు రోడ్డా అంటే అదీ కాదు, కంకర రోడ్డు. తిండీ పడకా సైకిలుకే కట్టుకుని, కొండలెక్కుతూ దిగుతూ రోజుల తరబడి పోయే పోటీ ఇది. ముందొచ్చినవాళ్ళకి ప్రత్యేకంగా ఒరిగేదేమీ లేదు. గడువులోగా చివరి గీత దాటినవాళ్ళ పేర్లు మైకులో చదువుతారు, అంతే. ఆ మైకులో మా ఇద్దరి పేర్లూ పక్కపక్కన వినాలని ఎన్నేళ్ళు కలలు కన్నామో. అక్క వంటింటి బల్ల మీద కుట్టుమిషను పెట్టుకుని, టార్పాలిన్ గుడ్డతో సైకిలు సంచులు రెండు జతలు కుట్టింది. ఇంతలో తన మోకాలు మొరాయించింది. ఆపరేషన్ అయింది. తన జత నడవాలో కొక్కేనికి అలాగే వేలాడుతూ ఉండిపోయింది.

"నువ్వెళ్ళవే, నా వంతు కూడా నువ్వే తొక్కు" అంది నవ్వుతూ. ఆ నవ్వుకి నేను కరిగిపోయాను. వట్టి వెర్రిమాలోకాన్ని.

ఈ పోటీలో అన్నిటికంటే పెద్ద నియమం, బయటి సాయం తీసుకోకూడదు. దుకాణంలో కొనుక్కోవచ్చు. దారిన పోయే ముక్కూమొహం తెలియని మనిషి జాలిపడి ఏదైనా ఇస్తే పుచ్చుకోవచ్చు, ఆ అదృష్టం ఎవరికైనా పట్టొచ్చు కాబట్టి. తెలిసినవాళ్ళ దగ్గర మాత్రం గుక్కెడు నీళ్ళు తాగినా పోటీలోంచి తీసేస్తారు. ఈ నియమం నాకు విడమరిచి చెప్పింది కూడా అక్కే.

ఆఖరి రోజు మధ్యాహ్నం చివరి కొండ ఎక్కుతుండగా వాన మొదలైంది. మామూలు వాన కాదు, కుండపోత. కంకర మీది మట్టి బురదై చక్రాలకి పట్టేసింది. బ్రేకు నొక్కుదామంటే వేళ్ళు కొయ్యబారిపోయాయి. ఇంక నావల్ల కాదురా దేవుడా అనుకుంటుండగా మలుపులో మా కారు కనిపించింది. నేనెక్కడున్నానో చూపించే చుక్కని ఫోనులో చూసుకుంటూ వచ్చి, చేతిలో ఫ్లాస్కు, భుజాన తువాలుతో గొడుగు కింద నిలబడి ఉంది అక్క.

నేను ఆగకుండా దాటిపోబోయాను. నియమం నియమమే కదా.

"ఆగవే పిచ్చిదానా. ఈ వానకి ఇవాళ్టికి సడలించారు. అడిగే వచ్చాను."

ఇంకెవరైనా చెబితే సవాలక్ష ప్రశ్నలు వేసేదాన్ని. చెప్పింది అక్క. ఆగాను. పొడి తువాలుతో నా తల తనే తుడిచింది, బడికెళ్ళే రోజుల్లో తుడిచినట్టు. దాన్ని నా మెడ చుట్టూ చుట్టి టీ పోసిచ్చింది. ఒక్క ఫోటో తీసి అమ్మకి పంపుతానంటే, కప్పు పైకెత్తి పళ్ళికిలించాను కూడా.

కొండ దిగాక ఒక బడి హాలులో ఆఖరి మజిలీ. అక్కణ్ణుంచి చివరి గీత ఎంతో దూరం లేదు. సైకిలు విరిగిపోయినా నడిచి చేరుకునేంత గడువుంది. తెల్లజుట్టు నిర్వాహకుడు నన్ను ఓ మూలకి పిలిచి తన ఫోను చూపించాడు. అందులో నేను టీ తాగుతున్నాను.

"ఇది ఇచ్చినవాళ్ళు మీకు తెలిసినవాళ్ళా, తెలియనివాళ్ళా?"

ఒకసారి కాదు, రెండుసార్లు అడిగాడు పాపం. ఆయన నాకు దారి చూపిస్తున్నాడని అప్పుడు తట్టలేదు. తెలియదు అంటే సరిపోయేది. నేనేమో గొప్పగా, "మా అక్కండీ, సొంత అక్క" అన్నాను.

ఆయన మొహం వాడిపోయింది. నియమం ఎవరూ సడలించలేదట. అడగడానికి ఎవరూ రానే లేదట. పోటీలోంచి నన్ను తీసేస్తున్నట్టు ఎంతో మర్యాదగా చెప్పి, ఫోటో ఎవరో పేరు చెప్పకుండా పంపారన్నాడు.

మళ్ళీ చూశాను. ఎత్తిన కప్పు, ఇకిలించిన పళ్ళు, మెడ చుట్టూ తువాలు. ఆ కొండ మీద ఉన్నది మేమిద్దరమే. తడిగుడ్డతో గొంతు కోయడం అంటారే, మా అక్క పొడి తువాలుతో కోసింది.

ఫోను చేసి, పంపింది నువ్వేనా అని అడిగాను. బుకాయించలేదు.

"నేను లేకుండా ఆ గీత ఎలా దాటుతావే? వచ్చే ఏటికి నా మోకాలు బాగవుతుంది, ఇద్దరం కలిసి దాటుదాం. నీకు అబద్ధం రాదు, అడిగితే చెప్పేస్తావని నాకు తెలుసు."

"నీ వంతు కూడా తొక్కమన్నది నువ్వే కదే."

"అన్నాను. అన్న రోజు నుంచీ నాకు నిద్ర లేదు."

అక్కడే ఉండు, వచ్చి తీసుకెళ్తానని ఫోను పెట్టేసింది.

ముక్కు మీదుండే కోపం అవసరానికి ఎటు పోయిందో పోయింది. ఏడుపొక్కటే వచ్చింది. పిల్లల బల్ల మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని ఏడ్చాను. తుడుచుకోవడానికి ఇంకేమీ లేక ఆ తువాలుతోనే మొహం తుడుచుకున్నాను. దానికి మా ఇంటి బీరువా వాసన.

కాసేపటికి అక్క వచ్చింది. ఆ హాలులోకి పోటీవాళ్ళనీ, వాళ్ళ తాలూకు మనుషులనీ తప్ప రానివ్వరు. నా పొడి బట్టల సంచి పట్టుకుని, బాగున్న కాలు మీద బరువు మోపి గుమ్మం బయట నిలబడింది. గొడుగు కూడా తెచ్చుకోలేదు, తడిసిపోతోంది. నిర్వాహకుడు నావైపు తిరిగాడు.

"ఆవిడ మీకు తెలిసినవాళ్ళా, తెలియనివాళ్ళా?"

అక్క నన్ను చూసి నవ్వింది. అదే నవ్వు.

"తెలియదండీ" అన్నాను.

నాకు అబద్ధం రాదని అక్కకి తెలుసు.